కృష్ణాజిల్లా బేస్‌బాల్ పితామహుడు

మనవాళ్ళకు ఏది మొదలైనా దానికొక పెద్దదిక్కు ఉండి తీరాలి. తండ్రి చాలడు, తాత కావాలి. అందుకే నాటకానికో పితామహుడు, హరికథకో పితామహుడు మనకు ఏనాటినుంచో ఉన్నారు. 1976 ఫిబ్రవరిలో బెజవాడలో బేస్‌బాల్ సంఘంవాళ్ళు పద్నాలుగుమంది కూర్చుని టీ తాగి, కృష్ణాజిల్లా బేస్‌బాల్‌కు మాత్రం పితామహుడు లేకపోవడమేమిటని తెగ బాధపడి, ఆ కొరత తీర్చాలని తీర్మానం చేశారు. బిరుదు ఎవరికివ్వాలన్న విషయంలో తర్జనభర్జన ఏమీ జరగలేదు. భవానీపురంలో హైస్కూలు డ్రిల్లు మాస్టారు హనుమయ్యకే.

ఆ మాటకొస్తే న్యాయమే. 1971 వేసవిలో మద్రాసులో శిక్షణకు వెళ్ళిన హనుమయ్య రెండు బ్యాట్లు, నాలుగు తోలు గ్లవ్స్, ఒక రూల్సు పుస్తకం సంకలో పెట్టుకుని బెజవాడ స్టేషన్లో దిగాడు. రైసుమిల్లునుంచి ఊక తెచ్చి నాలుగు గోతాల్లో నింపి, గ్రౌండులో నాలుగు మూలలా పరిచి, ఇవి బేసులు అన్నాడు. క్రికెట్టుండగా ఈ దుడ్డుకర్ర ఆట ఎందుకని అడిగినవాళ్ళందరికీ ఓపిగ్గా చెప్పాడు. అడగనివాళ్ళకు ఇంకా ఓపిగ్గా చెప్పాడు. అయిదేళ్ళు తిరిగేసరికి జిల్లాలో ఏడు స్కూళ్ళకు టీములు తయారయ్యాయి. ఆ ఏడూ ఆయన సైకిలు తొక్కీ బస్సులెక్కీ పుట్టించినవే.

అయినా స్కూల్లో డ్రిల్లు మాస్టారి బతుకేమిటో తెలియనిదెవరికి? వానొస్తే ఆయన పీరియడు పోతుంది. పరీక్షలొస్తే లెక్కల మాస్టారు పట్టుకుపోతాడు. ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు హెడ్మాస్టరు టీచర్లందరినీ పేరుపేరునా పరిచయం చేసి, చివర్లో హనుమయ్యవైపు తిరిగి, పిల్లల్ని లైన్లో నిలబెట్టమంటాడు. ముప్ఫై ఏళ్ళుగా ఇదే వరస. మార్చి ముప్ఫై ఒకటిన రిటైరు కాబోతున్నాడు. కాబట్టి ఆయనకా బిరుదు కావాలి. మామూలుగా కాదు, దాహమేసినవాడికి నీళ్ళు కావలసినట్టు కావాలి. శాలువా కప్పేటప్పుడు మెడ ఎంతవరకు వంచాలో ఆయన అద్దం ముందు సాధన చేస్తూ భార్య రామతులసికి రెండుసార్లు దొరికిపోయాడు. ఆవిడ మంచిది కాబట్టి చూడనట్టు వెళ్ళిపోయింది.

ఈ అయిదేళ్ళలో ఆటకు సంబంధించి ఒకే ఒక్క గొడవ జరిగింది. అంతకు ముందు శ్రావణంలో ఒకరోజు ప్రాక్టీసు నడుస్తోంది. మూడో గోతం దగ్గరనుంచి ఒక కుర్రాడు ఇంటి గోతంవైపు, అంటే బయల్దేరిన చోటికే, పరుగెడుతున్నాడు. ఎవరో పట్టలేక వదిలేసిన రబ్బరు బంతి దొర్లుకుంటూ వేపచెట్టు కిందికి పోయింది. ఆ చెట్టుకు రైలు పట్టా ముక్కొకటి వేలాడుతూ ఉంటుంది. స్కూలు గంట అదే. దాని పక్కన స్టూలు మీద గంట కొట్టే ఆయా సువార్తమ్మ కూర్చుంటుంది. యాభై ఎనిమిదేళ్ళ పొట్టి మనిషి. అయిదేళ్ళుగా ఆట చూస్తున్నా నోరు విప్పి ఒక్క మాట అన్నది లేదు. అలాంటిది ఆ రోజు బంతి తీసుకుని, కూర్చున్న చోటునుంచే విసిరింది. అది ఇరవై గజాలు పోయి, పరుగెత్తే కుర్రాడి రెండు భుజాల నడుమ ఠపీమని తగిలింది. "ఔటు" అంది సువార్తమ్మ, కూరలో ఉప్పు సరిపోయిందన్నంత మామూలుగా.

పిల్లలు పడీపడీ నవ్వారు. హనుమయ్యకు ఒళ్ళు మండింది. బంతి చేత్తో పట్టుకుని మనిషికి తాకించాలి, లేదా బేసు దగ్గరున్నవాడికి అందించాలి, అంతేగాని కుక్కను కొట్టినట్టు మనిషి మీదికి విసరడం ఏ రూల్లో ఉందని కేకలేశాడు. సువార్తమ్మ ఏదో చెప్పబోయి, గంటవేళ అవడంతో లేచి వెళ్ళిపోయింది. హనుమయ్య ఆ సంగతి అంతటితో మరిచిపోయాడు.

సన్మానం నాటికి సంఘం ఒక సావనీరు కూడా వేస్తోంది. కార్యదర్శి వెంకటప్పయ్యకు ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్ట్సు షాపు. ఆయన హనుమయ్యను పిలిచి, బేస్‌బాల్ పుట్టుపూర్వోత్తరాల మీద వ్యాసం రాయమన్నాడు. అమెరికాలో మొదలుపెట్టి మన జిల్లాలో ముగించాలన్నాడు. ఎక్కడ ముగుస్తుందో ఇద్దరికీ తెలుసు కాబట్టి ఇద్దరూ ముసిముసిగా నవ్వుకున్నారు.

హనుమయ్య మద్రాసులోని అమెరికన్ లైబ్రరీకి ఉత్తరం రాసి పుస్తకం తెప్పించాడు. నిఘంటువు పక్కన పెట్టుకుని రోజుకు పది పేజీల చొప్పున చదవసాగాడు. మొదటి అధ్యాయం అమృతంలా ఉంది. 1839లో న్యూయార్కు రాష్ట్రంలో ఒక చిన్న ఊళ్ళో ఒక యువకుడు ఈ ఆట కనిపెట్టి, అక్కడి కుర్రాళ్ళకు నేర్పాడట. తర్వాత ఆయన సైన్యంలో పెద్ద జనరల్ అయ్యాడట. హనుమయ్య ఛాతీ ఉబ్బింది. వెంటనే రెండు పేజీలు రాసి పారేసి, "అక్కడ ఆ మహనీయుడు, ఇక్కడ" అని ఆపి, చుక్కలు పెట్టాడు. ఆ చుక్కల్లో ఎవరి పేరు పడాలో వెంకటప్పయ్య చూసుకుంటాడని ఆయన ధీమా.

రెండో అధ్యాయం ఆయన నెత్తిన నీళ్ళు గుమ్మరించింది. ఆ కథంతా ఉత్తదేనట. ఆట మా గడ్డ మీదే పుట్టిందని తేల్చాలన్న పట్టుదలతో, అరవై ఆరేళ్ళు గడిచాక కొందరు పెద్దలు కమిటీగా కూర్చున్నారు. చిన్నప్పుడు నేను కళ్ళారా చూశానని ఒక ముసలాయన రాసిన ఉత్తరం ఒక్కటే పట్టుకుని తీర్పు చెప్పేశారు. జనరల్ అప్పటికే పోయాడు. కనిపెట్టాడంటున్న ఏడాది ఆయన అసలా ఊళ్ళోనే లేడు, ఎక్కడో మిలటరీ కాలేజీలో చదువుకుంటున్నాడు. ఆయన రాసి వదిలిన కాగితాల్లో తానీ ఆట కనిపెట్టానన్న ముక్క ఎక్కడా లేదు. పాపం, అడగని బిరుదు పోయాక అంటగట్టారు కదా అని హనుమయ్య ఆ జనరల్ మీద జాలిపడ్డాడు.

దిగులు తగ్గాక ముందుకు చదివాడు. చదివినకొద్దీ ఆయనకు ఆ ఆట మీద ఉన్న ప్రేమ నాలుగింతలైంది. జనరల్ కథకు దాదాపు వందేళ్ళ ముందే లండన్లో అచ్చయిన ఒక పిల్లల పుస్తకంలో ఈ ఆట పేరూ, బొమ్మా, దాని మీద చిన్న పద్యమూ ఉన్నాయట. ఇంగ్లండు పల్లెల్లో మగపిల్లలూ ఆడపిల్లలూ ఆడుకునేవారు. ఊరికో రూలు, వీధికో పేరు. ఓడలెక్కి అమెరికా వలస వెళ్ళినవాళ్ళతో ఆటా వెళ్ళింది. దానికి తండ్రీ లేడు, తాతా లేడు. 1845లో న్యూయార్కులో ఒక క్లబ్బువాళ్ళు, గుమాస్తాలూ వ్యాపారులూ, కూర్చుని రూల్సు కాగితం మీద పెట్టారు. మరుసటేడు ఆ రూల్సుతోనే ఇంకో టీముతో ఆడి ఇరవై మూడు ఒకటి తేడాతో చిత్తుగా ఓడిపోయారు. ఇది చదివి హనుమయ్య పగలబడి నవ్వితే రామతులసి వంటింట్లోంచి తొంగి చూసింది. రూల్సు రాసినవాళ్ళకే ఆట రాలేదు. అయినా సిగ్గుపడి మానుకోకుండా ఆడుతూ పోయారు. ఎంత గొప్పవాళ్ళో అనిపించింది ఆయనకు.

ఆ క్లబ్బువాళ్ళ రూల్సులో ఒకటి చదువుతూ ఆయన ఆగిపోయాడు. పరుగెత్తేవాడిని బంతితో కొట్టకూడదు. అంతకుముందు పల్లెటూళ్ళలో ఔటంటే అదే, పరుగెత్తేవాడి ఒంటికి బంతి తగలాలి. అందుకే అప్పట్లో బంతి మెత్తగా ఉండేది. మనిషిని కొట్టడం మానేశాకే బంతి గట్టిపడింది, దూరం పోవడం నేర్చింది.

హనుమయ్య నిఘంటువు మూసేశాడు. కుర్రాడి వీపు మీద తగిలిన రబ్బరు బంతి గుర్తొచ్చింది. నూట ముప్ఫై ఏళ్ళ కింద న్యూయార్కులో కొట్టిపారేసిన రూలు భవానీపురం ఆయాకు ఎలా తెలిసింది?

మర్నాడు వెళ్ళి అడిగితే, ఎవరో ఫిర్యాదు చేశారనుకుని సువార్తమ్మ మొదట బెదిరింది. మెల్లగా చెప్పించాడు. ఉయ్యూరు దాటాక కాలవ గట్టున ఆమె పుట్టిన ఊరు. అక్కడ మిషను బోర్డింగులో చదివింది. 1930 ప్రాంతం. కెనడానుంచి వచ్చిన మిస్సమ్మ ఒకావిడ, శనివారాలు బట్టలుతుక్కోవడం అయ్యాక, ఆడపిల్లల్ని రెండు జట్లు చేసి ఆడించేది. తన చిన్నప్పుడు వాళ్ళ ఊరి పొలాల్లో అమ్మమ్మ నేర్పిన ఆట అని చెప్పేదట. తాటిమట్ట చెక్కి బ్యాటు చేసేవాళ్ళు. గుడ్డపీలికలు చుట్టి, పైన వలదారం అల్లితే బంతి. మూలకొక ఇటుక చొప్పున నాలుగు. పరికిణీలు ఎగదోపి పరుగెత్తడమే. మిస్సమ్మ కూడా పొడుగు గౌను ఎత్తిపట్టుకుని పరుగెత్తేదట.

"నువ్వు ఇన్నాళ్ళూ నాకు చెప్పలేదేం?" అన్నాడు హనుమయ్య.

"మీరు అడగలేదుగా మాస్టారూ. అయినా మీది మద్రాసునించి తెచ్చిన ఆట. మాది నాలుగిటికల ఆట."

అందరికంటే ముందు నువ్వే నేర్చుకున్నావా అని అడిగితే ఆమె కంగారుగా తల అడ్డంగా ఊపింది. తనకు బోర్డింగులో పెద్దపిల్ల రావమ్మ నేర్పిందనీ, రావమ్మకు ముందు బ్యాచివాళ్ళు నేర్పారనీ, వాళ్ళకు ముందు ఎవరో తనకు తెలియదనీ చెప్పింది.

అప్పటినుంచి హనుమయ్యకు అన్నం సయించలేదు. తనకంటే నలభై ఒక్క ఏళ్ళ ముందు ఈ జిల్లాలో ఈ ఆట ఆడారు. ఈ సంగతి తెలిసినవాడు తానొక్కడే. సువార్తమ్మ ఎవరికీ చెప్పదు, చెప్పినా గంట కొట్టే ఆయా మాట వినేదెవరు? నోరు మూసుకుని శాలువా కప్పించుకుంటే ఏం పోయిందని ఆయన మూడు రోజులు గట్టిగానే ఆలోచించాడు. దాచడమెందుకు, మూడో రోజుకు దాదాపు ఖాయం చేసుకున్నాడు. కాకపోతే ఆయనకు ఇంకో జబ్బుంది, ఆట పిచ్చి. ఆ పాత ఆట ఎలా ఉంటుందో చూడకుండా ఉండలేకపోయాడు.

ఆదివారం సువార్తమ్మను వెంటబెట్టుకుని బస్సెక్కాడు. మిషను గుళ్ళో ఆరాధన ముగిసి జనం బయటికొచ్చే వేళకు ఊరు చేరారు. రావమ్మకు అరవై నాలుగు. ఆమె ఈడుదే సంపూర్ణమ్మ, మోకాళ్ళ నెప్పులతో మంచం మీంచి లేవడమే గగనం. సంగతి చెప్పగానే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వారు. తర్వాత రావమ్మ పాత చీర చింపి పావుగంటలో బంతి చుట్టేసింది. తాటిమట్ట చెక్కి, కాలవ గట్టున సంపూర్ణమ్మ మంచం చుట్టూ ఇటుకలు పరిచారు. మాస్టారినే ముందు బ్యాటు పట్టమన్నారు.

హనుమయ్య గట్టిగానే కొట్టాడు. మొదటి ఇటుక దాటాడు, రెండోది దాటాడు. మూడోదానికి పోతూ, సంపూర్ణమ్మ మంచం దిగలేదు కదా అని కొంచెం అలసత్వం చూపించాడు. మంచం మీంచే వచ్చింది బంతి. డొక్కలో తగిలింది. ముప్ఫై ఏళ్ళు పిల్లల్ని లైన్లో నిలబెట్టినాయన కాలవ గట్టున నడుం పట్టుకుని నిలబడిపోతే, ముగ్గురు ముసలమ్మలు ఒక్క గొంతుతో ఔటన్నారు.

తర్వాత సువార్తమ్మ బ్యాటు పట్టింది. హనుమయ్య ఇటుక పక్కన కూర్చుని చూశాడు. చెప్పులు వదిలేసి, చీర కుచ్చెళ్ళు బొడ్లో దోపి, కుడికాలు వెనక్కి వేసి నిలబడింది. ఆ నిలబడటంలోనే ఉంది అంతా. మట్ట తిరిగింది ఎప్పుడో, బంతి తగిలింది ఎప్పుడో ఆయనకు తెలియలేదు. అది గట్టు దాటి కాలవలో పడింది. ఆయన నేర్పిన వందమంది కుర్రాళ్ళలో ఒక్కడికీ ఆ దెబ్బ రాదు. మద్రాసులో ఆయనకు నేర్పినవాళ్ళక్కూడా రాదు. హనుమయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సంతోషంతో కొంత, సిగ్గుతో కొంత. అయిదేళ్ళు ఈ మనిషిని చెట్టు కింద కూర్చోబెట్టి తాను ఆట నేర్పాడు. ఆడపిల్లలకు టెన్నికాయిట్ రింగు పారేసి పక్కన ఆడుకోమన్నాడే గాని, ఒక్కదాని చేతికీ బ్యాటివ్వాలని తోచలేదు.

ఇంత బాగా ఆడేవాళ్ళు ఎందుకు మానేశారని అడిగాడు. పెళ్ళిళ్ళయిపోయాయి కదా అంది రావమ్మ. ఆ తర్వాత నాట్లు, కోతలు, కాన్పులు. మిస్సమ్మ వాళ్ళ దేశం వెళ్ళిపోయింది. అంతే.

తిరుగుబస్సులో హనుమయ్య ఆమెను నువ్వనలేకపోయాడు. "సువార్తమ్మ గారూ" అన్నాడు. ఆమె కిటికీ వైపు తిరిగి నవ్వుకుంది.

వ్యాసం చించి మళ్ళీ రాశాడు. లండన్ పిల్లల పుస్తకం, న్యూయార్కులో ఓడిపోయిన క్లబ్బు, కాలవ గట్టున నాలుగిటికల ఆట, ముగ్గురు ఆడవాళ్ళ పేర్లు, అన్నీ పెట్టాడు. పట్టుకుని ఆటోనగర్ వెళ్ళాడు. కమాను కట్టలూ గేరుబాక్సులూ నడుమ కూర్చుని వెంకటప్పయ్య రెండుసార్లు చదివాడు.

"అంతా బాగానే ఉంది గాని మాస్టారూ, సన్మానపత్రం అచ్చయిపోయిందండీ. పితామహ అని ఇంతింత అక్షరాలతో వేయించాను. ఇప్పుడు తాత లేడంటే ఎట్లా?"

ఎవరికి తెలుస్తుందని నచ్చజెప్పాడు. పూర్వం కొందరు స్త్రీలు ఇలాంటి ఆటే ఆడేవారని ఒక వాక్యం చేర్చి సరిపెడదామన్నాడు. హనుమయ్య ఒప్పుకోకపోయేసరికి, అయితే ఆ బిరుదు ఆయా గారికే ఇచ్చేద్దామన్నాడు. సంగతి చెబితే సువార్తమ్మ దండం పెట్టేసింది. తనకిస్తే రావమ్మ జన్మలో మాట్లాడదు, రావమ్మకిస్తే అంతకు ముందువాళ్ళు సమాధుల్లోంచి లేచి వస్తారు, మాకొద్దండీ అంది. దాంతో వెంకటప్పయ్య అలిగి, బిరుదున్న చోట తెల్లకాగితం ముక్క అతికించి, సన్మానం కానిచ్చాడు.

మార్చి చివరి వారంలో సాయంత్రం స్కూలు గ్రౌండులోనే సభ. హనుమయ్య తన వ్యాసం తానే చదివాడు. ఈ జిల్లాకు ఈ ఆట తెచ్చింది తాను కాదనీ, తనకు నలభై ఏళ్ళ ముందే ఆడినవాళ్ళు చివరి వరసలో కూర్చున్నారనీ చెప్పాడు. జనం వెనక్కి తిరిగి చూసి, నలుగురు చప్పట్లు కొట్టి, మళ్ళీ ముందుకు తిరిగారు. వెంకటప్పయ్య సన్మానపత్రం చదువుతూ తెల్లకాగితం దగ్గర ఒక క్షణం తడబడి దాటేశాడు. శాలువా కప్పారు. మెడ ఎంత వంచాలో ఆయనకు గుర్తు రాలేదు. దిగి వస్తుంటే లెక్కల మాస్టారు ఎదురై, బిరుదు ఎగిరిపోయిందటగా అని పరామర్శించాడు.

నిజం చెప్పేస్తే మనసు తేలికపడుతుందని హనుమయ్య అనుకున్నాడు. పడలేదు. చేసింది తప్పు కాదని తెలుసు, అయినా ఏడుపొస్తోంది. ఇంకో వారంలో రిటైరు. ముప్ఫై ఏళ్ళకు మిగిలింది ఒక శాలువా. జనం పల్చబడ్డాక వేపచెట్టు కింద స్టూలు మీద కూలబడ్డాడు.

సువార్తమ్మ వచ్చి ఎదురుగా నిలబడింది. ఆమె మొహం కోపంగా ఉంది.

"మీరు చెప్పిందంతా నిజమే మాస్టారూ. కానీ సగమే చెప్పారు. మేం ఆడాం, మానేశాం. నాకు ఇద్దరు కూతుళ్ళు, ఒక్కదానికీ నేర్పలా. రావమ్మకి నలుగురు. అదీ నేర్పలా. మీరు రాకపోతే ఆ ఆట మాతోనే మట్టిలో కలిసేదండీ. అది కూడా మైకులో చెప్పాల్సింది."

సువార్తమ్మ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"ఇంకోటి చెబుతాను, హెడ్మాస్టరు గారికి చెప్పబాకండి. ఉద్యోగం పోద్ది. ఈ అయిదేళ్ళూ మీ పీరియడుకి గంట నేను టయానికి కొట్టలేదు. ఆట మధ్యలో ఉంటే, ఆ కొట్టేవాడి వంతు అయిందాకా ఆగేదాన్ని. రోజూ రెండు నిమిషాలు, మూడు నిమిషాలు. లెక్కల మాస్టారు వచ్చి తిట్టేవారు. గడియారం సరిగ్గా కనపట్టం లేదు బాబూ అనేదాన్ని."

హనుమయ్య తలెత్తి ఆమెను చూశాడు. స్కూల్లో తన పీరియడును అందరూ కోసుకునేవారే గాని, రోజూ దానికి కొంత కలిపేవాళ్ళు ఒకరున్నారని ఆయన కలలో కూడా అనుకోలేదు. ఇక ఆపుకోలేక, కొత్త శాలువాతోనే కళ్ళు తుడుచుకున్నాడు.

సువార్తమ్మ ఆయన ఏడుపు అయ్యేదాకా ఆగింది. తర్వాత, తన పెద్దకూతురి కూతురికి పదకొండేళ్ళని చెప్పింది. రావమ్మ మనవరాళ్ళు ముగ్గురు వేసవి సెలవులకు ఇక్కడికే వస్తున్నారంది. మాస్టారికి ఒకటో తారీకునుంచి ఎటూ ఖాళీయే, ఏటొడ్డున ఇసక బోలెడుంది.

"పొద్దున ఎన్నింటికి పంపమంటారు?" అని అడిగింది.

"ఆరింటికి పంపండి. మీరూ రండి, సువార్తమ్మ గారూ" అన్నాడు హనుమయ్య. "ఆ నిలబడటం నాకు చేతకాదు. అది మీరే నేర్పాలి."